చెంబెడు నీళ్ల సుంకం

(పదకొండో భాగం)

జీపు మలుపు తిరిగి కనబడేసరికి ముత్తక్క దారికి అడ్డంగా వేసిన మద్ది దుంగ మీద కూర్చుని ఉంది. పోయినవారం మనం ఆమెను వదిలి వచ్చింది అక్కడే కదా. ఒడిలో తన సర్పంచి ముద్ర దాచిన రేకు డబ్బా, కాళ్ల దగ్గర పేడనీళ్ల కుండ, వెనకాల రేలగుంపు ఆడవాళ్లు ఇరవై మందికి పైగా. గూడెంలో మగవాడన్నవాడు లేడు, మంచంలో ఉన్న గోపాలు తప్ప.

ఆ గోపాలు మంచాన ఎందుకు పడ్డాడో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. రేలగుంపు కోయవాళ్లకూ, వాగవతలి కొత్తూరు రైతులకూ మాఘమాసంలో వాగొడ్డు చెలక దగ్గర గొడవైంది. ముత్తక్క తమ్ముడు గోపాలు కాలు ట్రాక్టరు చక్రం కింద నలిగింది. ఆ రాత్రే కొత్తూరు సుబ్బరత్నం మోటారు షెడ్డు కాలిపోయింది. ఇటు పదకొండు మంది మీద కేసు, అటు ఆరుగురి మీద. ట్రాక్టరు నడిపిన వెంకటరామారావు, సుబ్బరత్నానికి ఒక్కగానొక్క కొడుకు, పోలీసులకు జడిసి అడవిలోకి పారిపోయాడు. నాలుగు నెలలైంది, ఉన్నాడో లేడో తెలియదు. గూడెం ఆడవాళ్లు కొత్తూరు కూలికి పోవడం మానేశారు. అక్కడ మిరపకాయ చెట్టు మీదే ఎండి రాలింది, ఇక్కడ పొయ్యి ఒక్కపూటకు దిగింది.

చివరికి ఎమ్మార్వోగారు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ కాగితం రాయించారు. కేసులు ఉభయులూ ఎత్తేసుకోవాలి. వాగుకు గూడెం వైపు గట్టు హద్దు, ఆ గట్టు వెంబడి కొత్తూరువాళ్లు కంచె వేసుకుంటారు. గూడెం తరఫున ముత్తక్క మొగుడు భీమయ్య, పటేలు, అంటే కులపెద్ద గనుక, వేలిముద్ర వేసి మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాడు. అంగన్‌వాడీ టీచరు ద్వాలి ఆ నకలు చదివి వినిపించేదాకా ముత్తక్కకు తెలియలేదు, గూడెం తాగే చెలమ కంచెకు అవతల పడిపోతుందని. ఇసుక తోడి, నీరు ఊరేదాకా కూర్చుని, ముంతతో ముంచుకునే ఆ ఒక్క చెలమే వాళ్లకు ఆధారం. ఇంత బుద్ధిమంతుడు దానికి ఎట్లా ఒప్పుకున్నాడో ఎంత ఆలోచించినా ఆమెకు అంతుపట్టలేదు.

పోనీ అడుగుదామంటే మనిషి లేడు. ఇవాళ్టి తిప్పలన్నిటికీ మూలం భీమయ్య వేసుకున్న లెక్క. భూమి పండుగకు, విత్తనం చల్లే ముందు, మగవాళ్లు విల్లంబులతో వేటకు పోవాలి, ఆడవాళ్లు దారి కట్టి వచ్చేపోయే బండ్ల దగ్గర సుంకం వసూలు చేయాలి. ఆదివారం పోయి సోమవారానికల్లా వచ్చేస్తాం కదా అనుకుని, బుధవారం రండి సారూ, ముద్ర వేయిస్తా అని ఎమ్మార్వోకు మాటిచ్చి వెళ్లాడు. ఏటా అట్లాగే జరిగేది. ఈ ఏడు అడవి ఏమీ పెట్టలేదు. ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగవాడి నెత్తిన ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు, మళ్లీ పండుగ వచ్చేదాకా పాట కట్టి ఏడిపిస్తారు. ఆ సిగ్గుకు జడిసి ముప్పై మంది మగవాళ్లు నాలుగోరోజు కూడా పొదలు దులుపుకుంటూ తిరుగుతున్నారు. బుధవారం మాత్రం వాళ్ల కోసం ఆగలేదు.

ఎల్లుండి శుక్రవారం కోర్టు వాయిదా. ఆలోగా కాగితం మీద సర్పంచి సంతకం, ముద్ర పడకపోతే పదకొండు మందికీ వారెంట్లు. అందులో మొదటి పేరు భీమయ్యది. పడితే మొగుడు ఇంట్లో ఉంటాడు, నీళ్లు ఉండవు. తెల్లవారింది మొదలు ముత్తక్క ఆ డబ్బా మూత తీస్తోంది, పెడుతోంది. లేచి నాలుగడుగులు వేస్తోంది, మళ్లీ వచ్చి దుంగ మీద కూర్చుంటోంది.

"అక్కా, గట్ల తిరుగుతుంటె నాకే కళ్లు తిరుగుతున్నయ్. కుదురుగ కూసో," అంది ద్వాలి.

"కూసుంటె కాళ్లు ఊకుంటలేవే."

జీపు దుంగకు బారెడు దూరంలో ఆగింది. ఆడవాళ్లు చేతులు పట్టుకుని పాట అందుకున్నారు. డ్రైవరు రామ్‌సింగ్‌కు ఈ మర్యాద కొత్త కాదు. నవ్వుతూ జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి చాపాడు.

"తీసుకో సర్పంచమ్మా. జల్దీ దుంగ జరపండ్రి, సార్‌కు మీటింగున్నది."

ముత్తక్క చెయ్యి చాపలేదు. "పైసలొద్దు రామ్‌సింగూ."

ముందు సీట్లో ఎమ్మార్వో చెంచురామయ్యగారు మెడచుట్టూ చేతిరుమాలు సర్దుకుని దిగారు. మెత్తని మనిషి. ఇంకో ఏడాదిలో రిటైరు కాబోతున్నారు, ఎవరితోనూ గొడవ వద్దనుకునే రకం. ఆయన వెనకే ఇస్త్రీ పంచె నలగకుండా దిగాడు బసవపున్నయ్య. కొత్తూరు పెద్ద. ఇక వెనకసీట్లో, ఒళ్లో క్యారియరు పెట్టుకుని, కొంగు భుజం నిండా కప్పుకుని ఒక ఆడమనిషి. ఆమెను చూడగానే ముత్తక్క పోల్చుకుంది. సుబ్బరత్నం. నాలుగు నెలల్లో సగమైపోయింది మనిషి.

ఇరవై ఏళ్లు ఆ ఇద్దరూ ఒకే గట్టు మీద అన్నం తిన్నారు. ముత్తక్క కూలీల ముఠాను తెస్తేనే సుబ్బరత్నం చేలో నాటు మొదలయ్యేది. మిరప బాగా పండిన ఏడు ఆమె పెట్టిన ఎర్రచీర, చిలకపచ్చ అంచుది, ముత్తక్క మూడు పండుగలకు కట్టింది. ఇప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చూడనట్టు తలలు తిప్పుకున్నారు.

"ఏందమ్మా, పండుగ జోరు మీదున్నరు!" అన్నారు ఎమ్మార్వో, పది రూపాయల నోటు తీస్తూ. "భీమయ్య ఏడి?"

"అడవిల ఉన్నడు సారూ. మీకు కావల్సింది భీమయ్యనా, సర్పంచా?"

ఎమ్మార్వో తడబడ్డారు. "అదే, సంతకం నీదే. భీమయ్య ఉంటే మాట వరసకు..."

"ఆయనతో మాటలన్నీ అయిపోయాయిగా," అన్నాడు బసవపున్నయ్య. "ఇక మిగిలింది ముద్ర. ఎండెక్కకముందే కానివ్వమనండి. ఇదిగో ముత్తక్కా, పెద్దలు నాలుగు రోజులు కూర్చుని తెగ్గొట్టిన విషయం. నువ్వు పెద్దగా ఆలోచించేదేం లేదు."

ముత్తక్క లేచి నిలబడింది.

"నాలుగు దినాలు కూసున్నరు. అండ్ల ఒక్క ఆడమనిషి కూసున్నదా? కూసుంటె అడుగుతుండె. కంచె అవతల చెలమ పోతే గూడెం గొంతు ఎట్ల తడవాలె? మేమేడికి పోవాలె?"

వెనకాల పాట ఆగిపోయింది. ఎమ్మార్వో మొహంలో కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది. సంచీలోంచి కాగితం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని వేలితో వెతికారు.

"అట్లెట్లంటవమ్మా? నేను అడగకుండా రాస్తనా? మంచినీళ్ల సంగతేంది అని రెండుసార్లు అడిగిన. ఇగో, ఎనిమిదో పేరా. నకల్ల ఇది రాలేదు, అసల్ల ఉన్నది. టీచరమ్మా, నువ్వే చదువు."

ద్వాలి అందుకుని చదివింది. "గూడెమునందు బడివద్ద త్రాగునీటి బోరింగు కలదనియు, నీరు సమృద్ధిగా వచ్చుచున్నదనియు, కనుక కంచె అవతలి చెలమతో గూడెంవారికి పనిలేదనియు పటేలు భీమయ్య చెప్పిరి."

జీపు ఇంజను చల్లారుతూ టిక్కుటిక్కుమంటున్న చప్పుడు వినబడింది. ఆ తర్వాత అందరికన్నా పెద్దది, పళ్లన్నీ ఊడిన పుల్లమ్మ, కడుపు పట్టుకుని దుంగ మీద కూలబడింది.

"సమృద్ధిగ వస్తున్నదంట! ఓ నా తల్లో! మా మొగోళ్లకు బోరింగుల నీళ్లు వస్తున్నయంట!"

ఆ నవ్వు అందరికీ అంటుకుంది. ముత్తక్కకు మాత్రం నవ్వు రాలేదు. తొంభై రెండులో ఆ బోరింగు వేసినరోజు కొబ్బరికాయ కొట్టింది భీమయ్యే. మెడలో దండ వేయించుకుని, మొదటి బిందె నిండేదాకా తనే కొట్టాడు. ఆ నాటి నుంచీ ఆయన లెక్కలో ఆ బోరింగు పోస్తూనే ఉంది. అది ఎండి రెండు వేసవులైంది. పైపు అడుగున తుప్పు పట్టి, కొడితే కుక్క దగ్గినట్టు దగ్గుతుంది. ఆడవాళ్లు ఒకరోజు కొట్టి చూశారు, రెండోరోజు కొట్టి చూశారు, మూడోరోజు బిందెలు పట్టుకుని మళ్లీ చెలమకే నడిచారు. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. ఇంటికొచ్చిన మగవాడికి మూలన కుండ నిండుగా కనిపించింది, ముంచుకున్నాడు, తాగాడు.

ఆయన అబద్ధమాడలేదు, అదే ఆమెకు ఎక్కడో మండింది. నిజమనుకునే చెప్పాడు. పాతికేళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషి.

"సారూ," అంది ముత్తక్క. ఆ గొంతు విని ఆడవాళ్లు నవ్వు ఆపారు. "పండుగ దినాన ఆడోళ్లు అడిగింది ఇయ్యంది బండి కదలదు. మీకు ఎరికనే. మా సుంకం పైసలు కాదు. ఒక చెంబెడు నీళ్లు. మీ కాగితంల రాసిన బోరింగు నీళ్లు. మీ చేతులతోటి కొట్టి తెచ్చియ్యండి. తెస్తే, గీడనే గీ దుంగ మీదనే ముద్ర గుద్దుత. మారుమాట లేదు."

"ఇదేం వేళాకోళం?" అన్నాడు బసవపున్నయ్య.

"వేళాకోళం కాదు పున్నయ్య బాబూ. పండుగ."

బడి అక్కడికి యాభై అడుగులు. ఎమ్మార్వోగారు చెంబు అందుకున్నారు. నవ్వుతూనే అందుకున్నారు, అదో సరదా అన్నట్టు. వెనకాల ఆడవాళ్లందరూ ఊరేగింపులా నడిచారు. సుబ్బరత్నం జీపులోంచి మెడ చాచి చూసింది, తర్వాత క్యారియరు సీటు మీద పెట్టి దిగి, దూరదూరంగా వెంట వచ్చింది.

ఎమ్మార్వో కొట్టారు. పది దెబ్బలకు చొక్కా వీపుకు అంటుకుంది. బోరింగు కీచుమంది, గాలి వదిలింది.

"మీరుండండి సార్, పట్టు తెల్వాలె దీనికి," అని రామ్‌సింగ్ వచ్చి రెండు చేతులా వేలాడాడు. ముప్పై, నలభై దెబ్బలు. పైపు మూతి నుంచి ఎర్రటి తుప్పు పొడి రాలింది. దాంతోపాటు ఒక సాలీడు బయటికొచ్చి, ఇంతమందిని చూసి, మళ్లీ లోపలికి పోయింది.

"పున్నయ్య బాబూ, నువ్వు గూడ ఒక చెయ్యెయ్యి," అంది పుల్లమ్మ. "కొత్తూరు నెయ్యి తిన్న చెయ్యి. నీకు భయపడన్న వస్తయేమో!"

"నాకేం పని?" అని గసిరాడు గానీ, ఇరవైమంది ఆడవాళ్లు చూస్తుంటే ఊరుకోలేకపోయాడు. పంచె ఎగ్గట్టి నాలుగు దెబ్బలు కొట్టాడు. నాలుగోదానికి పిడి ఊడి చేతికొచ్చింది. ఈసారి రామ్‌సింగ్ కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఎమ్మార్వో చెంబు అడుగు చూశారు. పొడి తప్ప ఏమీ లేదు. ఆయన మొహంలో సరదా పోయింది. కళ్లద్దాలు తీసి తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు.

"ఎన్ని రోజులైంది?"

"రెండెండకాలాలు."

"ఒక్క అర్జీ పెట్టలేదేమమ్మా?"

"పెట్టాలంటె మీ ఆఫీసుకు రావాలె. నేనొస్తే భీమయ్యను పంపు అంటరు. ఆయనకేమో బోరింగు నడుస్తున్నది," అంది ముత్తక్క.

ఎమ్మార్వో బడి గుమ్మం మీద కూర్చున్నారు. "తప్పే జరిగింది. కానీ ముత్తక్కా, శుక్రవారం నా చేతుల్ల లేదు. మళ్ల పెద్దమనుషులను పిలవాలె, మళ్ల రాయాలె. ఆలోపల వారెంట్లు వస్తయ్. ఇప్పటికి ముద్ర వెయ్యి. నీళ్ల సంగతి నేను చూస్త. నా మాట."

"మీ మాట మంచిదే సారూ. ఏడాదైతే మీరు పోతరు. కంచె పోదు."

"చూశారా?" అన్నాడు బసవపున్నయ్య, చేతికొచ్చిన పిడిని నేలకేసి కొట్టి. "మెత్తగా ఉంటే ఇట్లాగే ఉంటుంది. పోనీండి సార్, వేయనంటే వేయొద్దు. శుక్రవారం వాళ్ల పదకొండు మందినీ బేడీలు వేసి తీసుకుపోతారు. అప్పుడు చెలమ దగ్గర కూర్చుని నీళ్లు తాగుతారు. వదినా, పదండి, జీపెక్కండి."

సుబ్బరత్నం కదల్లేదు.

"వదినా, మిమ్మల్నే."

"వినపడింది పున్నయ్యా." ఆమె గొంతు బొంగురుపోయి ఉంది, చాలా రోజులుగా ఎవరితోనూ మాట్లాడని మనిషి గొంతులా. "వాళ్ల పదకొండు మందిని తీసుకుపోతారు సరే. మనవాళ్ల ఆరుగురిని?"

"మనకు వకీలున్నాడు."

"వకీలు నా పిల్లాణ్ణి అడవిలోంచి తెస్తాడా?"

బసవపున్నయ్య చుట్టూ చూశాడు. "ఆ మాటలన్నీ ఇప్పుడు, వీళ్ల ముందు..."

"ఎక్కడ మాట్లాడమంటావు మరి? గెస్టుహవుసులో మీరు మాట్లాడుకున్న నాలుగు రోజులూ నేను బయట వంటపాకలో ఉన్నాను. ఇవాళ కూడా, సారుకు భోజనం పట్టుకు రండి వదినా, చివర్లో ఒక సంతకం ఉంటుంది అన్నావు." ఆమె ఎమ్మార్వో వైపు తిరిగింది. "ఏమండీ, ఆ కాగితం మీద నా సంతకం లేకపోతే ఏమవుతుంది?"

ఎమ్మార్వో దగ్గారు. "పొలం మీ పేరున ఉంది. షెడ్డు తగలబడ్డ ఫిర్యాదు మీది. మీ సంతకం లేకుండా అటు కేసు ఎత్తెయ్యరాదు. ఇటు గోపాలు కేసు సర్పంచి పెట్టింది. ఆమె సంతకం లేకుండా ఇదీ ఎత్తెయ్యరాదు."

అంటే, చూడండి, నాలుగు రోజులు ఇన్ని మీసాలు కూర్చుని తేల్చిన వ్యవహారం ఇద్దరాడవాళ్ల వేళ్ల మీద నిలబడి ఉంది. ఆ ఇద్దరినీ గుమ్మంలోకి పిలిచినవాడు లేడు!

సుబ్బరత్నం వెనక్కి నడిచింది. అందరూ జీపెక్కుతుందనుకున్నారు. ఆమె జీపు దాటి వెళ్లి, మద్ది దుంగ మీద కూర్చుంది. ముత్తక్క కూడా వచ్చి కూర్చుంది. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఎమ్మార్వో, బసవపున్నయ్య, మిగతావాళ్లు చుట్టూ నిలబడ్డారు. ఏం జరుగుతుందో ఎవరికీ తెలియలేదు.

"షెడ్డుకు నిప్పు పెట్టింది ఎవరో చెప్పు ముత్తక్కా," అంది సుబ్బరత్నం, నేల చూస్తూ.

"ట్రాక్టరు నడిపింది ఎవరో నువ్వు చెప్పు రత్నమ్మా."

గాలికి రేలపూలు రాలి ఇద్దరి ఒళ్లో పడ్డాయి. సుబ్బరత్నం ఒక రెమ్మ తీసి నలిపింది.

"నీకు తెలుసు."

"నీకూ తెలుసు."

"చెప్పవు."

"చెప్పను. నువ్వూ చెప్పవు. కడుపున పుట్టినోడు నీకు, గూడెమోళ్లు నాకు. అది వదిలెయ్ తల్లీ. అది పట్టుకుంటె ఇయ్యాల్టికి ఇడిసేది కాదు. నీకేం కావాలె చెప్పు."

సుబ్బరత్నం నలిపిన రెమ్మ కింద పారేసింది. "మావాడు ఇంటికి రావాలి. ఎక్కడున్నాడో, ఏం తింటున్నాడో. పోయిన వారం ఎవరో చెప్పారు, గడ్డం పెరిగి, గోనె కప్పుకుని మీ అడవిలో తిరుగుతున్నాడని. కేసు పోయిందని తెలిస్తే వస్తాడు. అంతే నాకు. ఇంకా అడిగితే, మృగశిర ముంచుకొచ్చింది, నారుమళ్లు ఖాళీగా ఉన్నాయి. మీరు రాకపోతే ఈ ఏడు నాట్లు లేవు."

"నాకు చెలమ కావాలె. దారి కావాలె. మా గోపాలు ఇగ కావడి మొయ్యలేడు, అరక పట్టలేడు. కూసోని చేసే పని కావాలె ఆనికి."

"మోటారు దగ్గర కాపలా ఉంటాడా?"

"నీ కొడుకు దినాం కండ్ల ముందల తిరుగుతుంటె ఉంటడా? ఏమో. అడుగుత."

"వదినా!" అన్నాడు బసవపున్నయ్య. "చెలమ దగ్గర దారి వదిలితే పశువులొస్తాయి, మనుషులొస్తారు, రేపు ఆ చెలకా మాదేనంటారు. మీకు తెలియదు, మీరు..."

"నాకు తెలియదా?" సుబ్బరత్నం మొదటిసారి తలెత్తింది. "కృష్ణ అవతల నుంచి లారీలో దిగిన ఏడు నీకు పదేళ్లు. మన బావిలో నీళ్లు తాగి నీకు విరేచనాలు పట్టుకుంటే, ఈ ముత్తక్క తల్లి ఆ చెలమ తోడి, ముంత నింపి నా చేతికిచ్చింది. ఆ నీళ్లతోనే నీకు గంజి కాచి పోశాను. అప్పుడు ఆమె ఇది మాది, మీరెవరు అనలేదు. కంచె ముప్పై అడుగులు వెనక్కి జరుపు పున్నయ్యా. పొలం నాది, చెబుతున్నాను."

అతను ఎగ్గట్టిన పంచె దించుకుని జీపు పక్కకు జరిగాడు.

ముత్తక్క ద్వాలిని పిలిచింది. "కాగితం తియ్యి. రాయి. సారు చెప్తడు ఎట్ల రాయాల్నో. మాటలు మావి."

ఇక చెప్పొద్దూ, గంటన్నర పట్టింది. ముప్పై అడుగులు ఎవరి అడుగులు అన్న దగ్గరే పావుగంట. పుల్లమ్మ నడిచి చూపించింది, రామ్‌సింగ్ నడిచి చూపించాడు, చివరికి నిండు బిందె ఎత్తుకున్న ఆడదాని అడుగు అని రాశారు. ఎమ్మార్వో తల గోక్కుని, "కోర్టుల నవ్వుతరమ్మా" అన్నారు. "నవ్వనియ్యండి," అంది సుబ్బరత్నం. ఇకమీదట వాగు సంగతి ఎప్పుడు మాట్లాడినా ఇటు నలుగురు, అటు నలుగురు ఆడవాళ్లు కూర్చోవాలని ముత్తక్క రాయించింది. దానికి మాత్రం అటు నుంచి అడ్డు రాలేదు.

ఎమ్మార్వో ఒకసారి మొత్తం చదువుకుని, "ఇద్దరూ పెడితే రేపే ఫైలుతో పంపుత. శుక్రవారం దాకా ఆగక్కర్లేదు," అన్నారు. ఆయన గొంతులో ఏదో తేలిక వచ్చింది.

సుబ్బరత్నం కలం అందుకుంది. పెద్ద పెద్ద అక్షరాలతో, ప్రతి అక్షరం దగ్గరా ఆగి, సంతకం పెట్టింది. కలం ముత్తక్కకు ఇచ్చింది. ఇస్తున్నప్పుడు ఇద్దరి వేళ్లూ తగిలాయి, ఇద్దరూ వెంటనే చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పలక మీద నాలుగు నెలలు దిద్ది నేర్చుకున్న తన పేరు ముత్తక్క ముందు మనసులో రాసుకుంది. కలం మోకాలి మీద పెట్టి, రేకు డబ్బా మూత తీసి, ముద్రను సిరా గుడ్డకు అద్దింది.

అప్పుడే అడవి వైపు నుంచి అడుగుల చప్పుడు వినబడింది. చాలా అడుగులు.

"వచ్చిండ్రే!" అని గెంతింది పుల్లమ్మ. "మొగోళ్లు వచ్చిండ్రు! కొమ్ము ఊదలేదు, విన్నరా? ఒక్కసారన్న ఊదలేదు! ఉత్తచేతులే!"

వేట పడితే పొలిమేర నుంచే కొమ్ము ఊదుకుంటూ వస్తారు. కొమ్ము లేదంటే వేట లేదు. ఆడవాళ్లు కేరింతలు కొడుతూ కుండల మీదకు ఉరికారు. నాలుగు రోజులుగా ముత్తక్క ఈ ఘడియ కోసమే చూస్తోంది. బోరింగు సమృద్ధిగా పోస్తున్నదని చెప్పిన ఆ మీసాల మీద కుండెడు పేడనీళ్లు పోసి, ఆ తర్వాత అడగాల్సింది అడగాలి. ముద్ర కుడిచేతిలోనే ఉంది. ఎడమచేత్తో కుండ ఎత్తి నడుముకు ఆనించుకుంది. ఎన్నాళ్లకో ఆమెకు నవ్వొచ్చింది.

పొదల్లోంచి ముందు భీమయ్య వచ్చాడు. భుజాన విల్లు లేదు. తలపాగా లేదు. కుండను చూశాడు గానీ తప్పుకోలేదు, తల వంచలేదు. అసలు చూసినట్టే లేడు.

"నీళ్లు," అన్నాడు. "మంచినీళ్లు. జల్దీ."

అతని వెనకాల నలుగురు వెదురుకు తలపాగాలు కట్టి అల్లిన డోలీ మోసుకొస్తున్నారు. దాని కింద గోనెపట్ట ఒకటి వేలాడుతోంది. పక్కనుంచి ఒక కాలు జారి ఊగుతోంది.

"పొద కదిలింది," అన్నాడు భీమయ్య, ఎవరితోనో తెలియకుండా. "నాలుగు దినాల సంది ఏం కదల్లే. గోనె ముసుగు... పంది అనుకున్నం..." అప్పుడు అతని కళ్లకు జీపు కనబడింది, ఎమ్మార్వో కనబడ్డారు, దుంగ మీదినుంచి లేచిన సుబ్బరత్నం కనబడింది. మాట అక్కడే తెగిపోయింది.

ముత్తక్క చేతిలోంచి కుండ జారి పగిలింది.

"రామూ!"

ఆ కేకకు చెట్ల మీది కొంగలు లేచాయి. సుబ్బరత్నం ఎప్పుడు ఉరికిందో, డోలీ ఎప్పుడు దించారో. గడ్డం మాసిన కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. కనురెప్పలు కదిలాయి. "అమ్మా" అన్నట్టు పెదవులు కదిలాయి. బతికే ఉన్నాడు. భుజం కింద, రొమ్ముకు జానెడు ఎడంగా బాణం దిగి ఉంది. లాగితే నెత్తురు ఆగదని అట్లాగే ఉంచి మోసుకొచ్చారు.

"దవాఖానాకు! రామ్‌సింగ్, బండి తిప్పు!" అరిచారు ఎమ్మార్వో. దుంగ జరపడానికి పదిమంది ఒక్కసారి చేతులు వేశారు.

"ఎవడు కొట్టాడు?" బసవపున్నయ్య ముప్పై మంది మొహాల్లోకీ ఒక్కొక్కటిగా చూశాడు. "ఎవడి బాణం ఇది? చెప్పరే?"

ముత్తక్క భీమయ్యను చూడలేదు. బాణం చూస్తోంది. వేట పంచుకునేటప్పుడు తగవు రాకుండా ఏ ఇంటి బాణానికి ఆ ఇంటి గుర్తు కడతారు. ఆదివారం పొద్దున పసుపు రాసి, పాత చీర చించి, భీమయ్య బాణాలకు పీలికలు కట్టింది తనే. గట్టిగా, రెండు ముళ్లు వేసి కట్టింది.

కొడుకు తల ఒళ్లో పెట్టుకున్న సుబ్బరత్నం చెయ్యి, బాణం కదలకుండా పట్టుకోవడానికి, ఈకల దగ్గరకు వెళ్లింది. అక్కడ వేళ్లకు గుడ్డ తగిలింది. ఎర్రగుడ్డ. చివర చిలకపచ్చ అంచు. ఆమె దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, తెలిసిన బట్టను తడిమినట్టు, మెల్లగా తడిమింది.

దుంగ మీద కాగితం గాలికి రెపరెపలాడుతోంది. ఒక సంతకం పడింది, రెండోది పడలేదు. ముత్తక్క చేతిలోని ముద్ర నుంచి సిరా చుక్క ఒకటి జారి, ఆమె బొటనవేలి మీద పడింది.

సుబ్బరత్నం తలెత్తింది.

"ముత్తక్కా," అంది. "ఇది నేను పెట్టిన చీరే కదూ?"